తొలినోరు

నమోదు 212. నీళ్లు బాగా వెచ్చన. గాలి లేదు.

తిన్నవి: గంజి, వేయించిన నెత్తళ్లు. కుడి దవడ పన్ను సలుపుతోంది, అందుకని ఎడమ వైపే నమిలాను. కడుపు బాగుంది. మణికట్టు మీద పచ్చబొట్టు పచ్చగానే ఉంది.

రోజూ ఈ సంగతులు పెట్టెకి చెప్పాలి. తొలినోరు అన్నాక తప్పదు. నేను మాట్లాడేది ఉప్పాడ మాట. పెట్టె దాన్ని బడిపుస్తకం తెలుగులోకి దిద్దేసి రాసుకుంటుంది. పక్కవాళ్ల మాటల్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ఆ మర్యాద నా ఒక్కదానికే ఎందుకో తెలియదు. ఏడాదికోసారి ఆస్పత్రి పడవ వాళ్లు వచ్చి వింటారట. విన్న గుర్తులైతే ఇంతవరకూ కనిపించలేదు.

పొద్దున్నుంచి తాళ్లు గీకే పని. ఆల్చిప్పలు వేలాడే తాళ్లన్నిటికీ నాచు పట్టేసింది. నీళ్లు తేటగా ఉన్న రోజుల్లో మా తెప్పల కింద మునిగిపోయిన పాత ఉప్పాడ వాటర్ ట్యాంకు కప్పు కనిపిస్తుంది. ఈ వారం కనిపించలేదు. చెయ్యి ముంచితే సముద్రం స్నానానికి కాచిన నీళ్లలా ఉంది. ఇలాంటి నీళ్లలోనే విబ్రియో పెరుగుతుంది. ఆ పురుగు చేరినా గుల్ల రంగు మారదు, వాసన రాదు. తిన్నవాడికే తెలుస్తుంది. అందుకే అమ్మేముందు తిని చూపించడానికి మా తెప్పకి నేను.

కాసులమ్మ మళ్లీ నీళ్లలోకి దిగింది. నా ఆడపడుచు. మా ఆయన పోయాక నాకు మిగిలిన అత్తింటి ఆస్తి అదొక్కతే అని నేను అంటూ ఉంటాను, అది మూతి తిప్పుకుంటుంది. కామెర్లు వచ్చి మంచం పట్టి ఇప్పుడే లేచింది. కాలేయం ఇంకా కోలుకోలేదు, పచ్చి గుల్ల నోట పెట్టొద్దు అని ఆస్పత్రి పడవ డాక్టరమ్మ ఆరిఫా గట్టిగా చెప్పింది. నీళ్లలోకి దిగొద్దని చెప్పలేదు కదా అని ఇది దిగింది. ఈ తీరంలో తాడు పట్టుకుని దానంత లోతుకి వెళ్లేవాళ్లు లేరు. నేను పైన కూర్చుని గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాక తల బయటపెట్టి నవ్వింది. తిట్టాను. ఇంకా నవ్వింది.

మధ్యాహ్నం కుండ దించగానే ఎప్పట్లాగే నాకన్నా ముందు చెయ్యి పెట్టి ముద్ద తీసింది. బయట తొలినోరు నేనైతే ఇంట్లో తొలినోరు తనేనట. ఇరవై ఏళ్లుగా ఇదే మాట. చేతి మీద ఒక్కటిచ్చాను, అయినా తినేసింది.

నమోదు 213. నీళ్లు వెచ్చన.

తిన్నవి: ఏమీ లేదు. మింగినవి ఉన్నాయి.

బుగ్గ కొబ్బరిబొండంలా వాచింది. కన్ను తెరుచుకోలేదు. రేపో ఎల్లుండో గుల్లల కోత. ఇలా వాచిన మొహంతో జట్టీ మీద ఎలా నిలబడను?

మా ఆయన కాలికి ఇనుప రేకు గీసుకుపోయినప్పుడు ఇచ్చిన బిళ్లలు బట్టల ట్రంకు అడుగున ఉన్నాయి. చీము పట్టకుండా వేసే బిళ్లలు. వేసుకున్నాను. సాయంత్రానికి సలుపు తగ్గింది, అందుకని ఇంకొన్ని వేసుకున్నాను.

వేసుకోకూడదని నాకు తెలుసు. తెలియదని చెప్తే ఈ పెట్టె కూడా నవ్వుతుంది. నా కడుపులో కాపు ఉంది. ఆస్పత్రి వాళ్లు తాగించిన చేదు నీళ్లతో వచ్చి నా పేగుల్లో కాపురం పెట్టిన మంచి పురుగులు అవి. విబ్రియో తగిలితే అవి రక్తంలోకి కబురు పెడతాయి, మణికట్టు మీద పచ్చబొట్టు ఎర్రబడుతుంది. యంత్రాలు పాస్ చేసిన గుల్లలు తిని ఒకప్పుడు తీరమంతా పడకేసింది. అప్పటి నుంచి జనం యంత్రం మాట నమ్మరు. మనిషి నలుగురి ముందూ నోట పెట్టుకుంటేనే నమ్ముతారు. చీముబిళ్ల పడితే ఆ కాపు చస్తుంది. చచ్చిన కాపు కబురు పెట్టదు. కబురు రానంతకాలం పచ్చబొట్టు పచ్చగానే ఉంటుంది.

బిళ్ల వేసుకున్న తొలినోరు ఆ సంగతి చెప్పి, మళ్లీ చేదు నీళ్లు తాగి, కాపు కుదురుకునేదాకా పక్కన కూర్చోవాలి. ఈలోగా నా చోట సత్యవేణి నిలబడుతుంది. నిన్నమొన్నటి పిల్ల. ముక్కు చీదుకోవడం నేర్పింది నేనే. అది జట్టీ మీద నిలబడి తింటుంటే నేను జనంలో నిలబడి చూడాలా? చూడను. నాలుగు బిళ్లలకే అంత కాపూ చచ్చిపోతుందా ఏమిటి, కొంతైనా మిగలకపోతుందా. అలా అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను.

నమోదు 215. కోత రోజు.

తిన్నవి: పచ్చి గుల్ల ఒకటి, జట్టీ మీద. తర్వాత మామూలు భోజనం.

వాపు పూర్తిగా పోయింది. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను, పచ్చబొట్టుకి జోడీగా ఉంటుందని. పురుగు పోవాలని దీపాలు పెట్టిన తొట్లలో కడిగిన గుల్లల్ని బుట్టలకెత్తారు. కొనే పడవలు వరసగా నిలబడ్డాయి. తెప్పపెద్ద కొండలరావు మావయ్య బుట్టలోంచి ఒకటి తీసి, చాకుతో విప్పి నా చేతికిచ్చాడు. తిన్నాను. చల్లగా, ఉప్పగా, ఎంతో బాగుంది. చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. అందరూ నా మణికట్టు వైపే చూశారు. ఎంతసేపు చూసినా పచ్చగానే ఉంది.

అలా జనమంతా నా చెయ్యి వైపు చూసే ఆ కాసేపు కోసమే నేను బతుకుతున్నానేమో. ఈ మాట ఇదివరకు ఎవరితోనూ అనలేదు.

తర్వాత చేతిగుల్ల. రెండో గుల్లని తొలినోరు తన చేత్తో తనకు నచ్చినవాళ్లకి తినిపించాలి. అది పెద్ద మర్యాద. పోయినసారి కొండలరావు మావయ్యకి పెట్టాను. ఈసారి ఎవరికో అని జనం మెడలు సాచారు. నేను కాసులమ్మని పిలిచాను. చావు తప్పించుకుని లేచి మళ్లీ తాళ్ల మీదికి వచ్చింది, దానికి కాక ఎవరికి పెడతాను? అది వెనక్కి జరిగింది. డాక్టరమ్మ వద్దందని గుర్తుచేసింది. డాక్టరమ్మ వద్దన్నది పరీక్ష చేయని గుల్ల గురించి, ఇది నేను తిని చూపించిన గుల్ల అని నేను గద్దించాను. జనం నవ్వారు.

"ఒదిన సెయ్యి పచ్చగా ఉంటే ఇంక నాకు బయమేటి," అంది కాసులమ్మ. నోరు తెరిచింది. పెట్టాను.

పెట్టేటప్పుడు బిళ్లలు గుర్తొచ్చాయి. రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాయి, అయినా చెయ్యి ఆగలేదు. అందరూ చూస్తున్నారు.

బుట్టలన్నీ పడవలకెక్కాయి.

నమోదు 216. నీళ్లు ఇంకా వెచ్చన.

తిన్నవి: గంజి. కడుపులో కలత, రెండుసార్లు బయటికి వెళ్లొచ్చాను. చింతపండు ఎక్కువైందనుకున్నాను. పచ్చబొట్టు పచ్చగానే ఉంది.

కాసులమ్మకి పొద్దున్నే చలి పట్టుకుంది. ఈ ఉక్కలో రెండు దుప్పట్లు కప్పినా వణికింది. మధ్యాహ్నానికి ఎడమ కాలు వాచి, పిక్క మీద ఊదారంగు బొబ్బలు లేచాయి. అదృష్టానికి కోతకని వచ్చిన ఆస్పత్రి పడవ ఇంకా మా జట్టీలోనే ఉంది. నలుగురం మోసుకెళ్లాం.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, ఏం తిన్నదని. చేతిగుల్ల తిన్నదని కొండలరావు మావయ్య చెప్పాడు. డాక్టరమ్మ గభాలున నా చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది. చూసి ఊపిరి వదిలింది.

"అయితే గుల్ల కాదు. మంచిదే. ఇంకేం తిన్నదో ఆలోచించండి రత్నంగారూ," అంది నాతో.

ఆవిడ తన ఇబ్బంది మా అందరికీ విడమరిచి చెప్పింది. ఇది విబ్రియోలాగే ఉంది. విబ్రియోకి మామూలు మందులు ఇప్పుడు పనిచెయ్యవు. పనిచేసే మందు పడవలో ఒక్క మనిషికి సరిపడా ఉంది. కానీ అది కాలేయాన్ని పిండేస్తుంది. కామెర్లు వచ్చిన మనిషికి ఊరికే అనుమానం మీద ఎక్కిస్తే ఆ మందే చంపుతుంది. విబ్రియో అని రూఢి అయితే మాత్రం తెగించి ఎక్కించాలి, ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది. రక్తం కాకినాడకి పంపింది. జవాబు రేపటికి గాని రాదు. ఈలోగా తనకి మిగిలిన ఆధారం నా పచ్చబొట్టు. అది పచ్చగా ఉంది గనక మామూలు మందులతో చూస్తానంది.

నేను అప్పుడే చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చుట్టూ తెప్పలోని ఆడవాళ్లంతా ఉన్నారు, సత్యవేణి ఉంది, కొండలరావు మావయ్య ఉన్నాడు. పచ్చి పీతలేమైనా తిన్నదా అని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు, దాంతో ఒకే ఇంట్లో ఉండేదాన్ని కదా. చెప్పాల్సిన మాట చెప్పకుండా ఇదిగో ఈ మాట చెప్పాను:

"దాని నోరు ఆగదు డాక్టరమ్మా. ఎక్కడో ఏ పీతనో పచ్చిగా కొరికి ఉంటుంది."

కాసులమ్మ అక్కడే పడుకుని ఉంది. కళ్లు మూసుకుని ఉంది గాని వినపడనంత నిద్రలో లేదు.

ఛీ. నా బతుకు.

పొద్దుగూకేముందు మా గదికి వచ్చి, ఇంటికని దాచిపెట్టిన అదే కోత గుల్లలు విప్పుకుని వరసగా తిన్నాను. పచ్చబొట్టు ఎర్రబడాలని తిన్నాను. కాస్త ఎర్రబడినా చాలు, పరిగెత్తుకెళ్లి "ఇదిగో ఇప్పుడే ఎర్రబడింది, ఆలస్యంగా కబురొచ్చింది" అని చెప్పొచ్చు. కాసులమ్మకి మందు అందుతుంది, నా పేరూ నిలబడుతుంది. మణికట్టు కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను, రుద్దాను, గిల్లాను. పచ్చగానే ఉంది. గుల్లలు బాగున్నందుకు పచ్చగా ఉందా, కాపు చచ్చినందుకు పచ్చగా ఉందా అని నన్ను నేనే అడుగుతున్నాను, నిజం తెలిసి కూడా. మళ్లీ బయటికి వెళ్లొచ్చాను. ఆడపడుచు అక్కడ చావుబతుకుల్లో ఉంటే నేను ఇక్కడ కూర్చుని చెప్పకుండా తప్పించుకునే దారి వెతుకుతున్నాను.

నమోదు 217.

తిన్నవి చెప్పను.

తెల్లారగానే పడవ మీదికి వెళ్లాను. చెప్పేద్దామని వెళ్లానా, చెప్పకుండా ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లానా, నాకే తెలియదు. బొబ్బలు మోకాలి దాకా పాకాయి. చర్మం నల్లబడుతోంది. ముందు రోజు నేనన్న మాట పట్టుకుని డాక్టరమ్మ కాసులమ్మని బతిమాలుతోంది. పీత తిన్నావా, ఎప్పుడు తిన్నావు, నిజం చెప్పు, ఎవరూ ఏమీ అనరు అని. కాసులమ్మ తల అడ్డంగా ఊపుతోంది. పెదాలు ఎండిపోయి మాట సరిగా రావడం లేదు. గుల్లలోనే ఏమైనా ఉండొచ్చా అని డాక్టరమ్మ తనలో తను అనుకున్నట్టు అంది.

అప్పుడు కాసులమ్మ కళ్లు తెరిచింది.

"గుల్ల కాదమ్మా. మా ఒదిన తిని పెట్టింది. మా ఒదిన్ని అనకండి."

నిన్న నేనన్నది అది విన్నది. విన్నదని దాని కళ్లలో తెలిసింది. పీత తినలేదని దానికి తెలుసు, నేను ఊరికే దాని మీదికి నెట్టానని తెలుసు. అయినా నా చేతిని వెనకేసుకొచ్చింది. నాకు ఆ పడవ పగిలి నీళ్లలో మునిగిపోతే బాగుండుననిపించింది.

చెప్పాను. మెల్లగా చెప్తే నాకే వినపడలేదు, అందుకని గట్టిగా చెప్పాను. పన్ను నొప్పికి చీముబిళ్లలు వేసుకున్నానని, కాపు చచ్చిందని, చచ్చిందని తెలిసే జట్టీ మీద నిలబడ్డానని, పీత మాట అబద్ధమని. గుమ్మంలో కొండలరావు మావయ్య ఉన్నాడు. ఆయన వెనక సత్యవేణి ఉంది. తిడితే బాగుండేది.

"ఎప్పుడు వేసుకున్నారు?" అని మాత్రం అడిగింది డాక్టరమ్మ. చెప్పాను. జవాబు పూర్తిగా వినేలోపే ఆ మందు సీసా పగలగొట్టి సూదిలోకి ఎక్కించేస్తోంది.

తర్వాత చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. కోత చెడితే అమ్మిన బుట్టల్ని వెనక్కి రప్పించడానికి వెనక్కిబూర ఊదాలి, ఊదాల్సింది తొలినోరే. జట్టీ కొసన నిలబడి ఊదాను. నా ఇన్నేళ్లలో ఒక్కసారీ ఊదలేదు, ఊదాల్సిన అవసరం రాలేదని గొప్పలు కూడా పోయాను. మొదట గాలే వచ్చింది. రెండోసారి మోగింది. అవతలి తెప్ప అందుకుంది, దాని అవతలిది అందుకుంది, అలా కనపడనంత దూరం దాకా వెళ్లింది. సాయంత్రానికి బుట్టలతో పడవలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. పచ్చివి తిన్నవాళ్లలో కొందరికి విరేచనాలు పట్టుకున్నాయి, మందులిచ్చారు, అందరూ లేచి తిరుగుతున్నారు. గుల్లలన్నిటినీ సున్నం బట్టీలో వేశారు. తెప్ప మొత్తం నిలబడి చూసింది. కాలిన వాసన నా చీరకి పట్టింది.

కాకినాడ నుంచి రక్తం జవాబు కూడా వచ్చింది. విబ్రియోనే.

నమోదు 220.

కాసులమ్మ బతుకుతుంది. ఈ మాట డాక్టరమ్మ నోటితో విన్నాను.

ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

బయటికి పిలిచి ఆవిణ్ని అడిగాను, ముందు రోజే చెప్పి ఉంటే ఏమయ్యేదని. అడగకుండా ఉండాల్సింది, కానీ తెలుసుకోకుండా నిద్రపోయే హక్కు నాకు లేదనిపించింది. ఆవిడ చేతులు తుడుచుకుని తువ్వాలు మడత పెట్టింది.

"కాలు ఉండేదండీ," అంది చివరికి.

నమోదు 231. గాలి మారింది. నీళ్లు కాస్త చల్లబడ్డాయి.

ఇకనుంచి ఈ పెట్టె సత్యవేణిది. రేపు వచ్చి తీసుకెళ్తానంది. నిన్న పరీక్షకోత జరిగింది. ఆ పిల్ల జట్టీ మీద నిలబడి తింది. నేను జనంలో నిలబడి చూశాను. చూడనని అన్నాను కదా, చూశాను. చెయ్యి ఎత్తినప్పుడు దాని వేళ్లు వణికాయి. నా చెయ్యి ఏనాడూ వణకలేదు, అది గొప్ప అనుకునేదాన్ని. కొండలరావు మావయ్య నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, రత్నమ్మా అనే పిలిచాడు. మాట్లాడుతూ ఒక్కసారి నా మణికట్టు వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. అప్పటి నుంచి చేతికి గుడ్డ చుట్టుకుంటున్నాను. పచ్చబొట్టు ఇంకా పచ్చగానే ఉంది, చెరపడానికి వీలుపడదట.

నా పని ఇప్పుడు నాచు గీకడం. తాళ్లు దింపడానికి లోతుకి వెళ్లేవాళ్లు లేరు. ఇద్దరు పోటుగాళ్లు దిగి సగంలోనే పైకొచ్చేశారు. కాసులమ్మ ఉంటేనా అని ఎవరో అని, నన్ను చూసి నాలుక్కరుచుకున్నారు.

కాసులమ్మని ఈ రోజు ఇంటికి తెచ్చాం. కాళ్ల దగ్గర కూర్చున్నాను. కాళ్ల దగ్గర అని అలవాటుగా అనేశాను. పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను. అది కప్పు వైపు చూస్తూ, నువ్వు ఏడిస్తే నాకు తలనొప్పి వస్తాది ఒదినా, ఊరుకో అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం కోసం వెతికాను, లేదు.

వంట చేశాను. గుల్లలు కాదు, మా ఇంట్లో ఇంక గుల్లలు వండను. నెత్తళ్ల పులుసు, బాగా మరిగించాను, అవసరమైన దానికన్నా ఎక్కువే మరిగించాను. అన్నం వార్చి కుండ దాని మంచం దగ్గరికి తెచ్చిపెట్టి మూత తీశాను. ఆవిరి లేచింది. ఎప్పట్లాగే చెయ్యి పెట్టి ముద్ద లాక్కుంటుందని, నేను కసురుకోవాలని, పళ్లెం పట్టుకుని ఆగాను.

కాసులమ్మ చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"ముందు నువ్వు తిను ఒదినా," అంది.

దెప్పిపొడుపు కాదు. ఎదుటి మనిషిని మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది.

కలుపుకున్నాను. ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. నమిలి మింగాను. కాసులమ్మ నా మణికట్టు వైపు చూడలేదు. నా మొహం వైపు చూస్తూ, అన్నం చల్లారేదాకా అలాగే కూర్చుంది. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని తింది.

తిన్నవి: అన్నం, నెత్తళ్ల పులుసు. ముందు నేను తిన్నాను.